ట్రైనింగ్ టీచర్ అంటే ఖాళీ పీరియడ్లు నింపే మనిషా?

ఈ వారం ఉత్తరం ఆంధ్రప్రదేశ్‌లో బీఎడ్ రెండో ఏడాది చదువుతున్న ఒకావిడది. వయసు 31. పేరు, ఊరు వేయొద్దన్నారు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు నేనే తీసేశాను.

ఆవిడ కొన్నేళ్లు ఒక ఆఫీసులో అకౌంట్స్ చూశారు. పాప పుట్టాక ఉద్యోగం మానేశారు. ఇంటి దగ్గర ట్యూషన్ చెబుతుంటే లెక్కలు బాగా చెబుతారని పేరొచ్చింది. ఆ ధైర్యంతోనే గణితం మెథడాలజీతో (లెక్కలు ఎలా చెప్పాలో నేర్పే సబ్జెక్టు) బీఎడ్‌లో చేరారు. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ కోసం ఒక జెడ్పీ హైస్కూల్లో వేశారు. 16 వారాల్లో 6 అయిపోయాయి.

"మొదటి రోజే చాక్‌పీసు చేతికిచ్చి ఎనిమిదో తరగతి బి సెక్షన్‌కి వెళ్లమన్నారు. 46 మంది. నా మెంటర్ సార్ నిజంగా మంచి టీచర్ అంటారు అందరూ. కానీ నేను క్లాసులో ఉన్నంతసేపూ ఆయన స్టాఫ్‌రూమ్‌లో పేపర్లు దిద్దుకుంటారు. ఎవరు సెలవు పెడితే ఆ క్లాసుకి నన్నే పంపుతారు. సోషల్, హిందీ, పీఈటీ పీరియడ్ కూడా. లీజర్ ఉంటే యాప్‌లో హాజరు ఎక్కించడం, మధ్యాహ్న భోజనం లెక్క రాయడం. కాలేజీ నుంచి సూపర్‌వైజర్ గారు ఒక్కసారి వచ్చారు, రికార్డులో సంతకం పెట్టి టీ తాగి వెళ్లిపోయారు."

తర్వాత, అసలు ఈ ఉత్తరం రాయించిన రోజు గురించి. సమీకరణాలు చెబుతున్నారు. 2x + 5 = 11. "5 ని అటు తీసుకెళ్తే మైనస్ అవుతుంది" అన్నారు. మూడో బెంచీ కుర్రాడొకడు లేచి "ఎందుకు మారుతుంది మేడం?" అన్నాడు. "అది రూల్, రాసుకో" అన్నారు ఈవిడ. వెనక నుంచి ఇంకొకడు "మేడంకీ తెలీదురా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఈవిడ టేబుల్ మీది స్కేలు తీసి వాడి దాకా వెళ్లారు. కొట్టలేదు. కానీ చెయ్యి పైకి లేచిందట. స్టాఫ్‌రూమ్‌లో చెబితే ఒక సీనియర్ "రెండు తగిలించాల్సింది, రేపట్నుంచి నోరెత్తరు" అని సలహా ఇచ్చారు.

ఆ రాత్రి ఇంట్లో ఏడ్చారు. కాలేజీ ఆఫీసులో ఒకాయన ఇదివరకే ఒక మాట అని ఉన్నారు: కొంత కడితే మిగతా హాజరు తాము చూసుకుంటామని, రికార్డులూ రాయించి ఇస్తామని. భర్త కూడా "కట్టేసి ఇంట్లో కూర్చుని టెట్‌కి (టీచర్ల అర్హత పరీక్ష) చదువుకో, ఎందుకీ టెన్షన్" అంటున్నారు. ఉత్తరం చివర రెండు ప్రశ్నలు. "నేను ఈ పనికి పనికొస్తానా? డబ్బు కట్టేయడం తప్పా?" వాటి కింద, కొట్టేసి మళ్లీ రాసిన ఇంకో వాక్యం: "నిజం చెప్పాలంటే, సార్ వచ్చి వెనక కూర్చోకపోవడమే నాకు హాయిగా ఉంది."

*

ఆ చివరి వాక్యం కొట్టేయకుండా ఉంచినందుకు సంతోషం అమ్మా. నా సమాధానంలో సగం దాని గురించే.

మీరు "నేను పనికిరాను" అన్న ఒక్క మాటలో చాలా సంగతులు కలిపేశారు. స్కూలు మిమ్మల్ని ఖాళీలు నింపడానికి వాడుకుంటోంది. కాలేజీ పట్టించుకోవడం లేదు. ఒక పాఠం ఒక చోట తడబడింది. ఇందులో మొదటి రెండూ మీ గుణదోషాలు కావు. మూడోది మీదే, కానీ అది ఒక మధ్యాహ్నం కూర్చుంటే సరిచేసుకోగలిగినది. ఈ మూడూ ముద్దగా కలిసిపోబట్టే అంత బరువుగా ఉంది మీకు.

ముందు మీకు రావాల్సింది ఏమిటో తెలుసుకోండి. బీఎడ్‌ని రెండేళ్లు చేసిన ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనలు బడిలో గడిపే కాలాన్ని 20 వారాలు చేశాయి. మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. ఆ 16 లో మొదటి వారం మీరు పాఠం చెప్పాల్సిన వారమే కాదు. రెగ్యులర్ టీచర్ చెబుతుంటే వెనక కూర్చుని గమనించాల్సిన వారం. ఆ తర్వాత మీరు చెప్పే పాఠాల్ని తోటి ట్రైనీలు, బడి టీచర్లు, కాలేజీ వాళ్లు చూడాలి. అంటే ఈ శిక్షణ మొత్తం నడిచేదే ఒకరు చెప్పడం, ఒకరు చూడడం, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం మీద. మీ 6 వారాల్లో చెప్పడం ఉంది. చూడడం, మాట్లాడుకోవడం లేవు. కాబట్టి "6 వారాలు ట్రైనింగ్ తీసుకున్నా రాలేదు" అనుకోకండి. మీకు ఇంకా ట్రైనింగ్ మొదలవలేదు. జీతం లేని డ్యూటీ మాత్రం మొదలైంది.

ఎవరూ చూడకపోతే హాయిగా ఉంటుంది, నిజమే. మొదటేడాది కాలేజీలో మైక్రో టీచింగ్ చేసుంటారు. తోటివాళ్లే పిల్లల్లా కూర్చుంటారు, అందరికీ జవాబు ముందే తెలుసు, ఐదారు నిమిషాల్లో చప్పట్లు. (ఆ కార్యక్రమంలో ఎవడూ "మేడంకీ తెలీదురా" అనడు. అదే దానితో వచ్చిన చిక్కు.) ఇప్పుడు నిజమైన పిల్లల ముందు నిలబడ్డాక పెద్దవాళ్లెవరైనా చూస్తే పరువు పోతుందని భయం. కానీ మీ పరువు 46 మంది ముందు ఎలాగూ పోయిందని మీరే రాశారు! 47వ మనిషి చూస్తే అదనంగా పోయేదేం లేదు. పైగా ఆ గదిలో మీకు సాయం చేయగలిగింది ఆ ఒక్కడే.

ఇక ఆ కుర్రాడి సంగతి. వాడు అడిగింది 6 వారాల్లో మీ క్లాసులో వచ్చిన అన్నిటికన్నా మంచి ప్రశ్న. "అటు తీసుకెళ్తే గుర్తు మారుతుంది" అనేది దారి దగ్గర చేసుకోవడానికి పెద్దవాళ్లు వాడే మాట. అసలు అటూ ఇటూ ఏదీ వెళ్లదు. సమానం గుర్తుకి రెండు వైపులా ఉన్నవి త్రాసులో రెండు తక్కెడల్లాంటివి. ఎడమ తక్కెడలోంచి 5 తీస్తే కుడి తక్కెడలోంచీ 5 తీయాలి, లేకపోతే ముల్లు వాలిపోతుంది. బోర్డు మీద మీరు రాయకుండా దాటేసిన లైను ఒకటుంది: 2x + 5 − 5 = 11 − 5. ఆ లైను రాయండి. ఎడమవైపు 5 వాళ్ల కళ్లముందే పోతుంది, కుడివైపు మైనస్ 5 మిగులుతుంది. "అటెళ్లి మైనస్ అయింది" అన్నట్టు కనిపించేది ఇదే. రేపు క్లాసులో మొదటి 10 నిమిషాలు దీనికే ఇవ్వండి. "మొన్న నువ్వడిగింది మంచి ప్రశ్నరా, ఆ రోజు సరిగ్గా చెప్పలేదు, ఇవాళ చూద్దాం" అని వాడి పేరు పెట్టి పిలిచి మరీ మొదలుపెట్టండి. వీలైతే వాణ్నే బోర్డు దగ్గరికి రమ్మనండి. "మేడంకీ తెలీదురా" అన్నవాణ్ని మాత్రం ఏమీ అనకండి. వాడికి కావలసింది మీరు రియాక్ట్ అవడమే.

స్కేలు గురించి రెండు మాటలే. మీరు కొట్టలేదు, మంచిది. ఆ సీనియర్ సలహా మాత్రం పక్కన పెట్టండి. విద్యా హక్కు చట్టం, 2009లో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. రేపేదైనా జరిగితే సలహా ఇచ్చినవాళ్లు స్టాఫ్‌రూమ్‌లో ఉంటారు, సంజాయిషీ మీరు రాసుకుంటారు.

గోల దగ్గరికి వద్దాం. మీరు పంపిన పాఠ్యపథకం ఫోటోలు చూశాను. చక్కటి దస్తూరి, రెండు రంగుల ఇంకు. ఉపాధ్యాయ కృత్యం అన్న గడి కిక్కిరిసి ఉంది. పక్కన విద్యార్థి కృత్యం గడిలో పై నుంచి కింద దాకా ఇవే మూడు: "శ్రద్ధగా వింటారు", "గమనిస్తారు", "నోట్సులో రాసుకుంటారు". 13 ఏళ్ల పిల్లలు 46 మంది, పీరియడ్ మొత్తం శ్రద్ధగా వింటారని రాస్తే కాగితం ఒప్పుకుంటుంది, వాళ్లు ఒప్పుకోరు. వాళ్లకి పని లేని ప్రతి నిమిషమూ మీకు గోలగా వినిపిస్తోంది. ఇవాళ్టి నుంచి కుడి గడి ముందు నింపండి. మొదటి 5 నిమిషాలు వాళ్ల చేతిలో ఏముంటుంది? మీరు బోర్డు వైపు తిరిగి లెక్క రాస్తున్నప్పుడు వాళ్లేం చేస్తుంటారు? జవాబు త్వరగా వచ్చినవాడు మిగతావాళ్లు తేలేదాకా ఏం చేస్తాడు? ఈ మూడో ప్రశ్నకి మీ దగ్గర జవాబు లేనప్పుడే వెనక బెంచీ నుంచి కామెంట్లు వస్తాయి. తొందరగా లెక్క చేసేసినవాడే సాధారణంగా ఆ కామెంట్ చేసేవాడు. అది కూడా చూసుకోండి.

బోర్డు మీద లెక్క మొత్తం ఒక్క ఊపున రాసేయకండి. ఒక లైను రాసి, పక్కకి తిరిగి, తర్వాతి లైను వాళ్లచేత చెప్పించండి. వీపు క్లాసువైపు పెట్టి నిలబడే సమయం ఎంత తగ్గితే అంత మంచిది. సీటింగ్ ప్లాన్ గీసుకుని పేర్లు నేర్చుకోండి. "ఏయ్, బ్లూ బ్యాగ్" అని పిలిచినంతకాలం మీరు వాళ్లకి ట్రైనింగ్ టీచరే. ట్రైనింగ్ టీచర్ నాలుగు నెలల్లో వెళ్లిపోతుందని వాళ్లకి మీకన్నా బాగా తెలుసు.

ట్యూషన్ బాగా చెప్పిన మనిషికి క్లాసు ఎందుకు కష్టమైందని మీరు ఆశ్చర్యపోయారు. ట్యూషన్‌కి వచ్చేవాళ్లు డౌటు చేతిలో పట్టుకుని వస్తారు. ఇక్కడ డౌటు ఉందని కూడా తెలియనివాళ్లు 30 మంది ఉంటారు. ఆ డౌటు పుట్టించడం వేరే విద్య. అది చూసి నేర్చుకునేదే. అందుకే మీకు దక్కని ఆ గమనించే వారాన్ని ఇప్పుడైనా సంపాదించుకోండి. మీ లీజర్‌లో ఇదే ఎనిమిది బి సెక్షన్‌కి తెలుగో, సైన్సో చెప్పే వాళ్లలో ఎవరి క్లాసు నెమ్మదిగా ఉంటుందో వాళ్లని అడిగి వెనక కూర్చోండి. టీచర్ని చూడకండి, మీ ఇద్దరు అల్లరి వీరుల్ని చూడండి. ఆ టీచర్ ఏం చేసినప్పుడు వాళ్లు పుస్తకం తీశారు? ఎప్పుడు మూశారు? రాసుకోండి. మీ అబ్జర్వేషన్ రికార్డుకీ పనికొస్తుంది, అదెలాగూ నింపాలి కదా.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

డబ్బు కట్టేయడం. మీరు రాసిన మొత్తం ఇక్కడ వేయడం లేదు, చదివి ఇంకో నలుగురు రేటు కనుక్కుంటారు. తప్పా అని అడిగారు. తప్పే. నిబంధన ప్రకారం ఇంటర్న్‌షిప్‌కి కనీసం 90 శాతం హాజరు ఉండాలి. లేని హాజరు ఉన్నట్టు కాగితం పుట్టిస్తే దాని మీద పేరు ఉండేది మీది, ఆ ఆఫీసాయనది కాదు. అయితే మీవారి వాదనలో నిజం లేదని నేననను. టెట్ పేపర్ 2 లో 150 మార్కులు, ఓసీలకి 90, బీసీలకి 75, ఎస్సీ ఎస్టీలకి 60 వస్తే అర్హత. ప్రభుత్వ టీచర్ పోస్టులు భర్తీ చేసే డీఎస్సీలో టెట్‌కి 20 శాతం వెయిటేజీ, మిగతా 80 రాతపరీక్షే. మీరు క్లాసు ఎలా చెబుతారో ఎక్కడా ఎవరూ అడగరు. ఇది మన నియామకాల్లో ఉన్న లోపం, దాన్ని మీవారు సరిగ్గానే పట్టుకున్నారు. కానీ లెక్క అక్కడితో ఆగదు. రేపు పోస్టింగ్ వచ్చాక మొదటి రోజు మళ్లీ ఇదే గది, ఇదే 46 మంది, ఇదే "ఎందుకు మేడం". అప్పుడు పక్కన మెంటర్ ఉండడు. ప్రైవేటు స్కూలుకి వెళ్లాల్సి వస్తే చాలాచోట్ల ముందు డెమో క్లాసే అడుగుతారు. ఇంట్లో కూర్చుని చదివితే వచ్చే మార్కులు ఎన్నో మీరే అంచనా వేసుకోండి. నా లెక్కలో ఇది మీకు చవకగా కనిపించే ఖరీదైన బేరం.

ఆపేసి తర్వాత చేయడం. ఈ మాట మీరు రాయలేదు కానీ అలాంటి దారి ఒకటుంది. రెండేళ్ల బీఎడ్‌ని చేరిన తేదీ నుంచి 3 ఏళ్లలోపు పూర్తి చేయొచ్చు. పాప ఆరోగ్యమో, ఇంటి పరిస్థితో నిజంగా మీద పడితే ఇది వాడుకోవచ్చు. అయితే ఏడాది పోతుంది, ఆలోగా డీఎస్సీ నోటిఫికేషన్ వస్తే చూస్తూ కూర్చోవాలి. విరామం తీసుకుంటున్నట్టు కాలేజీ నుంచి, యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాటగా "రావద్దులేమ్మా, చూసుకుంటాం" అన్నారంటే అది మళ్లీ పై బేరమే. క్లాసంటే భయం అన్న ఒక్క కారణానికి మాత్రం ఈ దారి పట్టకండి. ఇంట్లో ఉంటే ఆ భయం తగ్గదు.

స్కూలు మారడం. అడిగితే కొన్ని కాలేజీలు ఒప్పుకుంటాయి. కొత్త చోట కొత్త ముఖాలు, పాత నవ్వులు ఉండవు, అది లాభమే. కానీ 10 వారాల్లో 2 వారాలు పేర్లు, టైమ్‌టేబుల్ తెలుసుకోవడానికే పోతాయి. ఆ స్కూల్లో కూడా టీచర్లు తక్కువుంటే మిమ్మల్ని మళ్లీ ఖాళీల్లోకే తోస్తారు. టీచర్ కొరత ఉన్న ప్రతి బడీ ట్రైనీని చూడగానే "హమ్మయ్య" అనుకుంటుంది. అది వాళ్ల దుర్మార్గం అనను, వాళ్ల అవసరం. మీ మెంటర్ మంచి టీచర్ అని అందరూ చెబుతున్నారంటే ఆయన్ని వదులుకోవడం నాకైతే నష్టమే అనిపిస్తుంది. కింద చెప్పేది చేసి చూసి, కుదరకపోతే అప్పుడు మార్చమని అడగండి.

ఉన్నచోటే షరతులు మార్చుకోవడం. నేను మొగ్గేది దీనివైపే. కష్టం కూడా దీనిలోనే ఎక్కువ, ఎందుకంటే నోరు విప్పాలి. హెచ్‌ఎం గారితో ఫిర్యాదులా మొదలుపెట్టకండి. ఒక కాగితం మీద మీ వారం రాసుకుని వెళ్లండి: లెక్కల పీరియడ్లు ఎన్ని చెప్పారు, అడ్జస్ట్‌మెంట్‌లో, అంటే సెలవు పెట్టినవాళ్ల బదులు, ఎన్నిటికి వెళ్లారు. "సార్, అడ్జస్ట్‌మెంట్‌కి రోజుకి ఒకటి వెళ్తాను, కాదనను. మిగతా లీజర్ ఇతర టీచర్ల క్లాసులు గమనించడానికి, పాఠం తయారు చేసుకోవడానికి వదలండి. రికార్డులో అవి చూపించాలి" అనండి. పూర్తిగా రానంటే కుదరదు, ఒకటి వస్తానంటే చాలామంది ఒప్పుకుంటారు. యాప్ పని గురించి ఈ మాటల్లో ఎత్తకండి. ఒకేసారి రెండు అడిగితే తేలికైన దానికి సరే అని, ముఖ్యమైనది దాటేస్తారు.

మెంటర్ సార్‌ని "నా క్లాసు చూడండి" అని అడగకండి. అలా అడిగితే ఆయనకీ మొహమాటం, మీకూ భయం. చిన్న పని అప్పగించండి. "సార్, 20 నిమిషాలు వెనక కూర్చుని ఒక్కటి చూసిపెట్టండి, నేను ప్రశ్న అడిగాక పిల్లలకి ఆలోచించుకునే టైమ్ ఇస్తున్నానా లేదా" అనండి. ఇంకోసారి "నా ప్రశ్నలన్నీ ముందు బెంచీలకే వెళ్తున్నాయా" అని. ఒకటే చూడమన్నారు కాబట్టి ఆయన మిమ్మల్ని మొత్తంగా తూచరు, మీకూ పరీక్షలా ఉండదు. వారానికి రెండుసార్లు చాలు. పేపర్లు దిద్దుకోవడానికి టైమ్ లేదంటే దిద్దడంలో సగం మీరు తీసుకోండి. పరీక్ష పేపర్లు దిద్దుతూ ఆయన పక్కన కూర్చుంటే ఏ తప్పు ఎందుకు చేశారో ఆయన చెబుతారు. సమీకరణాల్లో పిల్లలు ఎక్కడ జారతారో ఆ గంటలో తెలిసినంత ఏ మెథడాలజీ నోట్సులోనూ తెలియదు.

సూపర్‌వైజర్‌కి మాత్రం నోటితో చెప్పి వదిలేయకండి. ఫలానా తేదీన ఫలానా పాఠం చెబుతున్నాను, వచ్చి చూడమని కోరుతున్నాను అని ఒక లైను వాట్సాప్‌లోనైనా పంపండి. రాకపోతే ఆ మెసేజ్ మీ దగ్గర ఉంటుంది. స్కూలు మార్చమని అడగాల్సి వస్తే పనికొస్తుంది.

ఉత్తరం మధ్యలో ఒకచోట "చిన్నపిల్లలైతే మాట వింటారు, ఎస్‌జీటీకి (ప్రైమరీ టీచర్ పోస్టు) వెళ్లొచ్చా" అని కూడా రాశారు. కుదరదు. బీఎడ్ ఒక్కటే ఉంటే ఒకటి నుంచి ఐదు తరగతుల పోస్టులకి అర్హత లేదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. దానికి డీఎల్‌ఎడ్ (ప్రైమరీ టీచర్ల శిక్షణ డిప్లొమా) కావాలి. మీ దారి స్కూల్ అసిస్టెంటే, అంటే ఎనిమిది బి లాంటి గదులే. (చిన్నపిల్లలు మాట వింటారన్నది మీ పాపని ఒకసారి చూసి మళ్లీ ఆలోచించండి.)

పనికొస్తానా అన్న ప్రశ్నకి ఇప్పుడు జవాబు ఇవ్వలేను, మీరూ ఇచ్చుకోవద్దు. ఎవరైనా మీ క్లాసు ఐదారుసార్లు చూసి, మీరు వాళ్ల మాట విని రెండు మూడు మార్చి చూసిన తర్వాత అడగాల్సిన ప్రశ్న అది. అప్పటికీ బడికి వెళ్లాలంటే పొద్దున్నే కడుపులో తిప్పుతుంటే మళ్లీ రాయండి. అకౌంట్స్ తెలిసి, లెక్కలు చెప్పగలిగిన మనిషికి వేరే దారులు లేకపోలేదు, వాటి గురించి అప్పుడు మాట్లాడుకుందాం. డిగ్రీ మాత్రం ఎలాగూ పూర్తి చేసుకోండి, ఇక మిగిలింది 10 వారాలే.

హెచ్‌ఎం గారిని ఉదయం అసెంబ్లీ ముందు పట్టుకోకండి. ఆ టైమ్‌లో ఎవరు రాలేదో, ఎవర్ని ఏ క్లాసుకి పంపాలో అన్న తలనొప్పిలో ఉంటారు, మిమ్మల్ని చూడగానే గుర్తొచ్చేది ఖాళీ పీరియడే. సాయంత్రం చివరి బెల్లు కొట్టాక, పిల్లలు గేటు దాటాక వెళ్లండి. కాగితం మర్చిపోకండి.